నెలలో ఆ ఆరు రోజులు

అండాశయం నుంచి బయటపడిన అండానికి ఆయుష్షు 12 నుంచి 24 గంటలు. ఆలోగా శుక్రకణం కలిస్తే పిండం ఏర్పడుతుంది. కలవకపోతే అండం కరిగిపోతుంది, మరో అండం కోసం వచ్చే నెల దాకా ఆగాలి. శుక్రకణాలకు మాత్రం ఆయుష్షు ఎక్కువ. గర్భాశయ ముఖద్వారం దగ్గర తగిన స్రావం ఉంటే అవి రెండు మూడు రోజులు, ఒక్కోసారి అయిదు రోజుల దాకా బతికి ఉంటాయి. ఈ రెండు లెక్కలూ కలిపితే నెలలో గర్భం నిలవగలిగే రోజులు ఆరని తేలుతుంది. అండం విడుదలయ్యే రోజు ఒకటి, దానికి ముందున్న రోజులు అయిదు.

ఇందులో ‘ముందున్న’ అన్నదే ముఖ్యం. పిల్లల కోసం ఎదురుచూసే దంపతుల్లో చాలామంది అండం విడుదలయ్యాక కలవాలనుకుంటారు. అప్పటికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. అండం, అండాశయాన్ని గర్భాశయంతో కలిపే ఫాలోపియన్ నాళంలోకి వచ్చేసరికే శుక్రకణాలు అక్కడికి చేరి ఉండాలి. అండం వచ్చాక బయల్దేరిన వాటికి సమయం చాలదు.

ఈ సంగతిని లెక్కలతో తేల్చినవారు అమెరికా పరిశోధకుడు అలెన్ విల్‌కాక్స్, ఆయన సహచరులు. 1980లలో నార్త్ కరోలినాలో గర్భం కోసం ప్రయత్నిస్తున్న 221 మంది స్త్రీలు వారి అధ్యయనంలో చేరారు. ఆ స్త్రీలు రోజూ మూత్రం నమూనా తీసి పెట్టారు, భర్తతో కలిసిన రోజులు రాసుకున్నారు. హార్మోన్లను బట్టి ఎవరికి ఏ రోజు అండం విడుదలైందో పరిశోధకులు గుర్తించారు. 1995లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఫలితాలు వచ్చాయి. నిలిచిన 192 గర్భాలకూ అండం విడుదలయ్యే రోజుతో ముగిసే ఆ ఆరు రోజుల కలయికే కారణమని తేలింది. అయిదు రోజుల ముందు కలిస్తే గర్భం వచ్చే అవకాశం దాదాపు 10 శాతం. అది పెరుగుతూ పోయి అండం విడుదలయ్యే రోజుకు 33 శాతానికి చేరింది. ఆ మర్నాటి కలయికతో వచ్చిన గర్భం ఒక్కటీ లేదు. తర్వాతి అధ్యయనాలు దీన్ని మరికొంత సరిచేశాయి. అన్నిటికంటే మంచి రోజులు అండం విడుదలకు ముందున్న రెండు రోజులన్నది ఇప్పుడు ఎక్కువమంది నిపుణుల మాట.

పద్నాలుగో రోజు లెక్క

నెలసరి లెక్కలో మొదటి రోజంటే రక్తస్రావం సరిగా మొదలైన రోజు. అంతకుముందు చుక్కలు చుక్కలుగా కనిపించిన రోజు కాదు, రక్తస్రావం ఆగి తలస్నానం చేసిన రోజు అసలే కాదు. ఇక్కడ పొరపాటు జరిగితే తర్వాతి లెక్కంతా నాలుగైదు రోజులు పక్కకు జరుగుతుంది.

నెలసరి మొదలైనప్పటి నుంచి అండాశయంలో కొన్ని అండకోశాలు (అండాలుండే చిన్న సంచులు) పెరగడం మొదలవుతుంది. కొన్నాళ్లకు వాటిలో ఒకటి మిగతావాటిని వెనక్కి నెట్టి ముందుకొస్తుంది. పెరుగుతున్న కొద్దీ అది ఈస్ట్రోజెన్ హార్మోన్‌ను ఎక్కువగా విడుదల చేస్తుంది. ఈస్ట్రోజెన్ బాగా పెరిగాక మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి ఎల్‌హెచ్ అనే హార్మోన్‌ను ఒక్కసారిగా వదులుతుంది. అది మొదలైన 36 గంటలకు కాస్త అటూ ఇటూగా అండకోశం పగిలి అండం బయటపడుతుంది. పగిలిన కోశం ఊరుకోదు, ప్రొజెస్టెరాన్ తయారుచేస్తుంది. గర్భం నిలవకపోతే రెండు వారాల్లో అది చతికిలబడుతుంది, ప్రొజెస్టెరాన్ పడిపోతుంది, మళ్లీ నెలసరి వస్తుంది.

అండం విడుదలకు ముందూ తర్వాతా ఉన్న ఈ రెండు సగాల్లో మొదటిది సాగుతుంది, కుంచించుకుపోతుంది. నిద్ర చాలకపోయినా, జ్వరం వచ్చినా, ఒంట్లో మరేదైనా తేడా చేసినా అండకోశం ఎదగడం ఆలస్యం కావచ్చు. రెండో సగం చాలామందిలో 12 నుంచి 14 రోజులు, నెలనెలా పెద్దగా మారదు. అందుకే అండం విడుదలను ముందు నుంచి కాక వెనక నుంచి లెక్కపెట్టాలి. రాబోయే నెలసరి తేదీ నుంచి 14 రోజులు వెనక్కి వెళ్తే అండం విడుదలయ్యే రోజు ఉజ్జాయింపుగా తెలుస్తుంది. నెలసరి సరిగ్గా 28 రోజులకు వచ్చేవారికి మాత్రమే అది పద్నాలుగో రోజు. వారికి గర్భం నిలిచే రోజులు తొమ్మిది నుంచి పద్నాలుగు.

35 రోజులకు నెలసరి వచ్చే స్త్రీకి అండం విడుదలయ్యేది ఇరవై ఒకటో రోజు దగ్గర. గర్భం నిలిచే రోజులు పదహారు నుంచి ఇరవై ఒకటి. ఆమె పద్నాలుగో రోజునే నమ్ముకుని కలిసి, ఆ తర్వాత ఆగిపోతే అసలు రోజులు ఏ నెలా దొరకవు. 24 రోజులకే నెలసరి వచ్చేవారి పరిస్థితి దీనికి తలకిందులు. వారికి పదో రోజుకే అండం వస్తుంది, గర్భం నిలిచే రోజులు అయిదో రోజు నుంచే మొదలవుతాయి. అప్పటికి కొందరికి రక్తస్రావం పూర్తిగా ఆగి ఉండదు.

28 రోజుల నెలసరి చక్రం పాఠ్యపుస్తకాల్లో కనిపించినంతగా ఇళ్లలో కనిపించదు. ఒక మొబైల్ యాప్‌లో నమోదైన ఆరు లక్షలకు పైగా చక్రాల వివరాలను 2019లో పరిశోధకులు విశ్లేషించారు. సగటు చక్రం 29 రోజులు, అందులో మొదటి సగం సుమారు 17 రోజులు, రెండో సగం 12 రోజులకు కాస్త పైన. విల్‌కాక్స్ బృందం 2000లో చేసిన మరో లెక్క ప్రకారం, గర్భం నిలిచే రోజులన్నీ పది నుంచి పదిహేడో రోజు లోపలే ఉన్న స్త్రీలు 30 శాతమే. మిగతావారికి అవి కాస్తో కూస్తో ఆ గీత దాటి ఉన్నాయి. నెలసరి తేదీ తప్పకుండా వచ్చే స్త్రీలలో కూడా ఈ తేడా కనిపించింది. కనుక ‘నాకు నెలనెలా ఠంచనుగా వస్తుంది’ అన్నంత మాత్రాన ఆ రోజులు తెలిసిపోయినట్టు కాదు.

వైద్యులకే తెలియని కాలం

పంతొమ్మిదో శతాబ్దంలో యూరప్ వైద్యులు అండం నెలసరి సమయంలోనే విడుదలవుతుందనుకున్నారు. ఎదకొచ్చిన కుక్కల్లో రక్తస్రావం కనిపిస్తుంది కదా, స్త్రీలలోనూ అంతేననుకున్నారు. బిడ్డలు కావాలంటే నెలసరికి అటూ ఇటూ కలవాలని, వద్దనుకుంటే నెల మధ్యలో కలవాలని సలహా ఇచ్చారు. ఆ సలహా విని ఎన్ని జంటలు నష్టపోయి ఉంటాయో!

దీన్ని సరిదిద్దినవారిలో మొదటివాడు జపాన్‌లోని నీగతా నగరపు ఆసుపత్రి వైద్యుడు క్యూసాకు ఓగినో. ఆపరేషన్ల కోసం కడుపు తెరిచినప్పుడు అండాశయాలను గమనించి, వాటిని ఆ స్త్రీల నెలసరి తేదీలతో పోల్చి చూశాడు. అండం విడుదలకు, గడిచిన నెలసరికి లంకె లేదని, రాబోయే నెలసరితోనే ఉందని 1924లో ప్రకటించాడు. తర్వాతి నెలసరికి 12 నుంచి 16 రోజుల ముందు అండం వస్తుందన్నది ఆయన సూత్రం. దాదాపు అదే కాలంలో ఆస్ట్రియా వైద్యుడు హెర్మన్ క్నాస్ వేరే దారిలో ఇదే నిర్ణయానికి వచ్చాడు. లోకం ఈ సూత్రాన్ని గర్భం రాకుండా చూసుకోవడానికి వాడుకుంది, అందులో తరచూ దెబ్బతింది. ఓగినో మాత్రం ఇది పిల్లలు కావాలనుకునేవారికి పనికొస్తుందని చెబుతూ వచ్చాడు. ఆయన మాటే నిజం. ఆరు రోజుల ఉజ్జాయింపు తేదీలు గర్భం రావడానికి సాయపడతాయి, రాకుండా ఆపడానికి చాలవు.

మన ప్రాచీన శాస్త్రాలు దీనికి మరో లెక్క చెప్పాయి. ధర్మశాస్త్రాల్లో ఋతుకాలం నెలసరి మొదలైనప్పటి నుంచి పదహారు రాత్రులు, అందులో మొదటి నాలుగు నిషిద్ధం. 28 రోజుల చక్రం ఉన్న స్త్రీకి గర్భం నిలిచే రోజులన్నీ మిగిలిన పన్నెండు రాత్రుల్లో ఇమిడిపోతాయి, కాబట్టి ఆ గమనింపు తేలిగ్గా తీసిపారేసేది కాదు. చక్రం 33, 35 రోజులున్న స్త్రీకి మాత్రం అసలు రోజులు ఆ హద్దు దాటిపోతాయి. సరి రాత్రుల్లో కలిస్తే కొడుకు, బేసి రాత్రుల్లో కలిస్తే కూతురు అన్న మాటకు ఏ ఆధారమూ లేదు. బిడ్డ ఆడా మగా అన్నది శుక్రకణం మోసుకొచ్చే క్రోమోజోమును బట్టి ఉంటుంది. ఏ రోజు కలిశారన్నదానికీ, పుట్టిన బిడ్డ ఆడా మగా అన్నదానికీ సంబంధం విల్‌కాక్స్ అధ్యయనంలోనూ కనిపించలేదు. 

ఒంట్లో కనిపించే గుర్తులు

తేదీల కంటే నమ్మకమైన గుర్తు శరీరంలోనే ఉంది. అది గర్భాశయ ముఖద్వారం నుంచి వచ్చే స్రావం. ఖర్చు లేనిది, సూది లేనిది, రోజూ మూత్రానికి వెళ్లినప్పుడు గమనించగలిగేది. 1950లలో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో జాన్ బిల్లింగ్స్, తర్వాత ఆయన భార్య ఎవెలిన్ దీన్ని పద్ధతిగా తీర్చిదిద్దారు. ఇద్దరూ వైద్యులే.

నెలసరి ఆగిన తర్వాత కొన్ని రోజులు పొడిగా ఉంటుంది, చెప్పుకోదగ్గ స్రావం ఉండదు. అండకోశం పెరిగి ఈస్ట్రోజెన్ ఎక్కువయ్యే కొద్దీ కాస్త జిగటగా, తెల్లగా కనిపిస్తుంది. వేళ్ల మధ్య పెట్టి చూస్తే సాగదు, తెగిపోతుంది. ఇంకా రోజులు గడిచాక పలచబడుతుంది, పరిమాణం పెరుగుతుంది, ఆ చోట తడిగా ఉన్నట్టు తెలుస్తుంది. అండం విడుదల దగ్గర పడినప్పుడు అది పచ్చి కోడిగుడ్డు తెల్లసొనలా పారదర్శకంగా, జారుగా మారుతుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి మెల్లగా విడదీస్తే రెండంగుళాలు దాటినా తెగకుండా సాగుతుంది. ఆ రోజూ, ఆ మర్నాడూ గర్భానికి అన్నిటికంటే మంచి రోజులు. అండం విడుదలయ్యాక ప్రొజెస్టెరాన్ వల్ల ఒకటి రెండు రోజుల్లోనే స్రావం చిక్కబడుతుంది, తగ్గిపోతుంది, మళ్లీ పొడిగా అనిపిస్తుంది.

ఈ మార్పు వెనక పెద్ద పనే ఉంది. యోనిలో మామూలుగా ఆమ్లగుణం ఎక్కువ, అక్కడ శుక్రకణాలు కొద్ది గంటల్లోనే చచ్చిపోతాయి. పలుచని స్రావం ఆ ఆమ్లం నుంచి వాటిని కాపాడి, ఈదడానికి దారి ఇస్తుంది. ముఖద్వారం మడతల్లో కొన్నిటిని నిలువ ఉంచి, తర్వాతి రోజుల్లో కొద్దికొద్దిగా పైకి వదులుతుంది. శుక్రకణం అయిదు రోజులు బతకడమన్నది ఈ స్రావం ఉంటేనే. స్రావం చిక్కబడిన రోజుల్లో ఆ దారి మూసుకుపోతుంది.

తెలుగు ఇళ్లలో ఇక్కడో చిక్కుంది. ఒంటి నుంచి ఏ స్రావం వచ్చినా తెల్లబట్ట అనే అంటారు. తెల్లబట్ట అంటే జబ్బని, నీరసానికి అదే మూలమని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగిన అమ్మాయి నెల మధ్యలో వచ్చే ఈ జారు స్రావాన్ని చూసి కంగారుపడుతుంది. మందుల షాపులో అడిగి మాత్రలు కొనుక్కుంటుంది, లోపల శుభ్రం చేసుకునే ద్రావణాలు వాడుతుంది. అవసరం లేని ఆ శుభ్రత మేలు చేసే బ్యాక్టీరియాను పోగొట్టి ఇన్ఫెక్షన్‌కు దారి తీస్తుంది. వాసన లేకుండా, దురద లేకుండా, రంగు లేకుండా నెలలో కొద్ది రోజులు మాత్రమే కనిపించే జారు స్రావం ఆరోగ్యానికి గుర్తు. దుర్వాసన, దురద, మంట, పసుపు లేదా ఆకుపచ్చ రంగు, ముద్దలు ముద్దలుగా రావడం, ఇవి ఉంటే డాక్టర్‌కు చూపించుకోవాలి. ఈ తేడా ప్రతి ఆడపిల్లకూ పెళ్లికి చాలా ముందే చెప్పాల్సిన సంగతి.

మరో గుర్తు ఒంటి వేడి. అండం విడుదలయ్యాక పొద్దుటి ఉష్ణోగ్రత సుమారు అర డిగ్రీ ఫారన్‌హీట్ పెరిగి, నెలసరి వచ్చేదాకా అలాగే ఉంటుంది. కళ్లు తెరవగానే, మంచం దిగకముందే, మాట్లాడకముందే, రోజూ ఒకే వేళకు థర్మామీటరు పెట్టి చూడాలి. కనీసం మూడు గంటలు ఏకబిగిన నిద్రపోయి ఉండాలి. హైదరాబాద్‌లో నైట్ షిఫ్టులు చేసేవారికి, పసిపిల్లలున్నవారికి ఇది కుదిరే పని కాదు. పైగా వేడి పెరిగిందని తెలిసేసరికి అండం విడుదలైపోయి ఉంటుంది, కాబట్టి ఆ నెలకు దానితో ప్రయోజనం లేదు. రెండు మూడు నెలలు వరుసగా రాసుకుంటే అండం విడుదలవుతోందా లేదా, ఎన్నో రోజు విడుదలవుతోంది అన్నది తెలుస్తుంది, అంతే. కొందరికి అండం వచ్చే వేళ పొత్తికడుపులో ఒక పక్క సన్నగా నొప్పి వస్తుంది. అది అందరికీ రాదు, వచ్చినా సరిగ్గా అదే రోజన్న నమ్మకం లేదు.

కిట్లు, యాప్‌లు, స్కాన్లు

మందుల షాపుల్లో దొరికే ఓవ్యులేషన్ కిట్లు మూత్రంలో ఎల్‌హెచ్ పెరుగుదలను చూపిస్తాయి. పరీక్ష గీత కంట్రోల్ గీతంత ముదురుగా, లేదా అంతకంటే ముదురుగా ఉంటేనే ఫలితం వచ్చినట్టు. లేత గీతకు విలువ లేదు, గర్భ పరీక్ష కిట్‌లా చదివితే పొరపడతారు. ముదురు గీత వస్తే రాబోయే ఒకటి ఒకటిన్నర రోజుల్లో అండం విడుదల కావచ్చని అర్థం. ఆ రోజూ, మర్నాడూ కలవాలి. చక్రం 28 రోజులైతే పది, పదకొండో రోజు నుంచి, 35 రోజులైతే పదిహేడో రోజు నుంచి రోజూ చూడటం మొదలుపెట్టాలి. పరీక్షకు ముందు రెండు గంటలపాటు ఎక్కువ నీళ్లు తాగితే మూత్రం పలచబడి గీత తేలిపోతుంది.

హార్మోన్ల తేడాతో అండం విడుదల గాడి తప్పే పీసీఓఎస్ సమస్య ఉన్నవారికి ఈ కిట్లు చాలాసార్లు తప్పుదారి చూపిస్తాయి. వారిలో ఎల్‌హెచ్ మామూలుగానే ఎక్కువగా ఉండవచ్చు, అండం రాకుండానే గీత ముదురుగా పడుతుంది. గీత వచ్చినంత మాత్రాన అండం తప్పక విడుదలైందని కూడా చెప్పలేం.

ఫోన్ యాప్‌ల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. నెలసరి తేదీ ఒక్కటే తీసుకుని రంగు చుక్కలు పెట్టే యాప్ ఓగినో నూరేళ్ల కిందట చెప్పిన లెక్కకు మించి ఏమీ చెప్పదు, చాలాసార్లు సగటును పట్టుకునే చెబుతుంది. తేదీలు రాసుకోవడానికి అది సౌకర్యం, అంతవరకే. పొద్దుటి ఉష్ణోగ్రత, స్రావం, కిట్ ఫలితం కూడా అందులో రాస్తే కాస్త నమ్మదగిన జవాబు వస్తుంది.

ఫాలిక్యులర్ స్టడీ అనే వరుస స్కాన్లలో అండకోశం ఎంత పెరిగిందో రెండు మూడు రోజులకోసారి చూస్తారు. సాధారణంగా 18 మిల్లీమీటర్లు దాటాక అది పగలడానికి సిద్ధమవుతుంది. అండం విడుదలకు మందులు వాడేవారికి ఇది అవసరం. నెలసరి సక్రమంగా వస్తూ, ప్రయత్నం మొదలుపెట్టి నాలుగు నెలలైనా కాని జంటకు ఈ స్కాన్లతో ఒరిగేది తక్కువ. డబ్బు, సెలవులు, మనశ్శాంతి మాత్రం ఖర్చవుతాయి.

ఎన్ని రోజులకోసారి

రోజూ కలిసినా, రోజు విడిచి రోజు కలిసినా గర్భం వచ్చే అవకాశంలో పెద్ద తేడా లేదు. వారానికోసారి మాత్రమే కలిస్తే అది సగానికి పైగా పడిపోతుంది. ఆ ఒక్క రోజూ ఆరు రోజుల కిటికీలో సరైన చోట పడాలి కదా. శుక్రకణాలు పోగుపడతాయని పది పదిహేను రోజులు ఆగి, అండం వచ్చే రోజున ఒక్కసారి కలవడం మరీ నష్టం. అయిదారు రోజులకు మించి ఆగితే సంఖ్య కాస్త పెరిగినా, వాటిలో చురుకైనవి తగ్గుతాయి.

అందుకే చాలా జంటలకు కిట్లూ స్కాన్లూ లేని దారే మేలైనది. నెలసరి ఆగినప్పటి నుంచి రోజు విడిచి రోజు, లేదంటే వారానికి మూడుసార్లు కలిస్తే ఆ ఆరు రోజులు ఎప్పుడొచ్చినా దొరుకుతాయి. ‘ఈ రాత్రే’ అని భార్య గడియారం చూసి చెప్పడం, భర్త ఆఫీసు నుంచి అలసిపోయి రావడం, ఒత్తిడికి ఆ రాత్రి కలయికే కుదరకపోవడం, దాని మీద అలకలు... డాక్టర్ల ముందు దంపతులు తరచూ చెప్పుకునే బాధ ఇది. ఆ ఒత్తిడికి అంగస్తంభన సమస్యలు తలెత్తడం మగవారిలో మామూలే. ఆ రోజు ఏదో భర్తకు చెప్పకుండా ఉండటం తప్పు కాదు. కొన్ని జంటలకు అదే మందు.

కలిసిన తర్వాత వీర్యం కొంత బయటికి జారిపోవడం సహజం. చురుకైన శుక్రకణాలు కొద్ది నిమిషాల్లోనే ముఖద్వారం దాటి ఉంటాయి. కాళ్లు గోడకు ఎత్తి పెట్టుకోవడం, నడుము కింద దిండ్లు, గంటలపాటు కదలకుండా పడుకోవడం, ఇవేవీ అక్కర్లేదు. ఫలానా భంగిమలోనే గర్భం వస్తుందన్న మాటకు ఆధారం లేదు. ఉమ్మి, షాపులో దొరికే చాలా రకాల జెల్లులు మాత్రం శుక్రకణాల కదలికను దెబ్బతీస్తాయి. జెల్ తప్పనిసరైతే గర్భం కోరేవారి కోసం తయారుచేసినది అడిగి తీసుకోవాలి.

ఆచారాలు, దూరాలు

నెలసరి రోజుల్లో దూరంగా ఉండి, అయిదో రోజు తలస్నానం తర్వాతే దంపతులు దగ్గరవడం మన ఇళ్లలో పాత అలవాటు. 28, 30 రోజుల చక్రానికి దీంతో ఇబ్బంది లేదు. 24 రోజుల చక్రం ఉన్న స్త్రీ ఆ తర్వాత కూడా శుక్రవారమనో ఏకాదశి అనో నాలుగు రోజులు ఆగితే గర్భం నిలిచే ఆరు రోజుల్లో ఎక్కువ భాగం పోయినట్టే. బ్రహ్మచర్యం పాటించాల్సిన అయ్యప్ప దీక్ష 41 రోజులు. ఆ వ్యవధిలో గర్భం నిలిచే రోజులు ఒకసారి తప్పక, కొందరికి రెండుసార్లు వచ్చి వెళ్తాయి. దీక్షలో తప్పేమీ లేదు, ఆ నెలలను ప్రయత్నం చేసి విఫలమైన నెలల్లో కలపకుండా ఉంటే చాలు. ఆషాఢంలో కొత్త కోడలు పుట్టింటికి వెళ్లే ఆచారానికి పెద్దలు చెప్పే కారణాల్లో ఒకటి ఎండాకాలపు కాన్పును తప్పించడం. నెల ఎడబాటుతో పోయేది ఒక్క నెల అవకాశమే.

దూరం వల్ల అసలైన కష్టం పడేది వలస కుటుంబాలు. జగిత్యాల, నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల నుంచి గల్ఫ్ వెళ్లిన భర్తలు రెండేళ్లకోసారి నెలో రెండు నెలలో సెలవు మీద వస్తారు. కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్లిన భార్యలూ ఉన్నారు. పెళ్లయి ఆరేళ్లయినా పిల్లలు లేరని ఊరంతా అంటుంది. నిజానికి వారు కలిసి గడిపిన నెలలు ఆరు కూడా ఉండకపోవచ్చు. ఇలాంటి జంటకు పెళ్లయిన ఏళ్లు కాదు, ఒకే ఇంట్లో ఉన్న నెలసరులు లెక్క. సెలవు తేదీ ఎంచుకునే వీలుంటే భార్య నెలసరి మొదలైన మూడు నాలుగు రోజులకు ఇల్లు చేరేలా టికెట్ తీసుకుంటే నెల సెలవులోనే ఒక పూర్తి అవకాశం దొరుకుతుంది.

కుటుంబ నియంత్రణ సాధనాలు ఆపినవారికి మరో లెక్క. మాత్రలు ఆపితే చాలామందికి ఒకటి నుంచి మూడు నెలల్లో అండం విడుదల మళ్లీ మొదలవుతుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ‘అంతర’ పేరుతో ఇచ్చే మూడు నెలల ఇంజెక్షన్ తర్వాత ఏడు నుంచి పది నెలలు పట్టవచ్చు. ఆ ఆలస్యం మామూలే, శాశ్వతం కాదు.

భర్త వంతు

నెలసరి డైరీ, కిట్టు, స్కాను, ‘ఏమైనా విశేషమా?’ అన్న బంధువుల ప్రశ్న అన్నీ భార్య మీదే పడతాయి. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో భర్త వైపు కూడా లోపం ఉంటుంది. భార్యకు ఆ ఆరు రోజులు ఎంత సరిగ్గా తెలిసినా, అటువైపు నుంచి చురుకైన శుక్రకణాలు రాకపోతే ఫలితం లేదు.

ఒక శుక్రకణం తయారై బయటికి రావడానికి సుమారు మూడు నెలలు పడుతుంది. ఇవాళ సిగరెట్టూ గుట్కా మానేస్తే ఫలితం మూడు నెలల తర్వాత వచ్చే వీర్యంలో కనిపిస్తుంది. గట్టి జ్వరం వచ్చిన తర్వాత కొన్ని వారాలు సంఖ్య తగ్గడమూ ఇందుకే. వృషణాలు ఒంటి వేడి కంటే కాస్త చల్లగా ఉండాలి. బట్టీల దగ్గర, వంటశాలల్లో రోజంతా వేడిలో నిలబడేవారు, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని గంటల తరబడి పనిచేసేవారు ఇది గుర్తుంచుకోవాలి. కండలు పెంచడానికి జిమ్‌లో తీసుకునే టెస్టోస్టెరాన్, స్టెరాయిడ్ ఇంజెక్షన్లు శుక్రకణాల తయారీనే ఆపేస్తాయి. మగతనం పెరుగుతుందని వాడిన మందు తండ్రి అయ్యే అవకాశాన్ని తీసేస్తుందన్న సంగతి చాలామంది కుర్రవాళ్లకు తెలియదు.

భార్య వైపు ప్రయత్నం మొదలుపెట్టడానికి కనీసం నెల ముందు నుంచి రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ తీసుకోవాలి. బిడ్డ వెన్నుపాము మూసుకునేది గర్భం నిలిచిన నాలుగు వారాల్లోపే, అంటే నెల తప్పిందని తెలిసే రోజుల్లోనే. నెల తప్పాక మొదలుపెడితే ఆలస్యమే. రుబెల్లా టీకా తీసుకోకపోతే అదీ ముందే వేయించుకుని, నెల ఆగి ప్రయత్నించాలి.

ఎప్పుడు డాక్టర్ దగ్గరికి

అన్నీ సరిగ్గా ఉన్న యువ జంటకు కూడా ఒక నెలలో గర్భం వచ్చే అవకాశం సగటున దాదాపు నాలుగింట ఒక వంతే. ఏడాదిలో 80 శాతానికి పైగా జంటలకు నిలుస్తుంది. మిగిలినవారిలో సగం మందికి రెండో ఏడాదిలో నిలుస్తుంది. నిలిచినవన్నీ నిలబడవు కూడా. విల్‌కాక్స్ అధ్యయనంలో అయిదో వంతుకు పైగా గర్భాలు నెల తప్పిందని తెలియకముందే పోయాయి. ఫలదీకరణ జరిగిన ఆరు నుంచి పన్నెండు రోజులకు గానీ పిండం గర్భాశయం గోడకు అతుక్కోదు. ఆ తర్వాతే పరీక్షలో కనిపించే హార్మోన్ మొదలవుతుంది. అందుకే నెల తప్పకముందే రోజూ కిట్టు చూసుకుంటే తప్పుడు జవాబులు, అనవసరపు కన్నీళ్లు.

భార్య వయసు 35 లోపైతే ఏడాది, 35 దాటితే ఆరు నెలలు ప్రయత్నించాక డాక్టర్‌ను కలవాలి. 40 దాటితే ఆగకూడదు. నెలసరి 35 రోజులకు మించి ఆలస్యంగా వస్తున్నా, నెలసరిలో తట్టుకోలేని నొప్పి ఉన్నా, గతంలో క్షయ గానీ నాళంలో గర్భం గానీ వచ్చి ఉన్నా, భర్తకు చిన్నప్పుడు వృషణాలు కిందికి దిగని సమస్య ఉన్నా ఏడాది గడువుకు అర్థం లేదు, ముందే వెళ్లాలి. వెళ్లేటప్పుడు ఆరు నెలల నెలసరి తేదీలు, కలిసిన రోజులు రాసిన కాగితం వెంట ఉంటే సగం ప్రశ్నలకు జవాబు దొరికినట్టే.

పద్నాలుగో రోజు పొరపాటు పరీక్షల్లోనూ వెంటాడుతుంది. అండం విడుదలైందో లేదో చూసే ప్రొజెస్టెరాన్ రక్తపరీక్షను అందరికీ ‘21వ రోజు’ అని రాసేస్తుంటారు. అది 28 రోజుల చక్రానికే సరిపోతుంది. రాబోయే నెలసరికి ఏడు రోజుల ముందు చేయించాలన్నది అసలు నియమం, అంటే 35 రోజుల చక్రం ఉన్న స్త్రీకి 28వ రోజు. ఆమెకు 21వ రోజున చేస్తే అండం విడుదలవుతున్నా అవడం లేదని రిపోర్టు వస్తుంది, అక్కర్లేని మందులు మొదలవుతాయి. ఏఎంహెచ్ పరీక్ష మిగిలిన అండాల నిల్వను ఉజ్జాయింపుగా చెబుతుంది గానీ సహజంగా గర్భం వస్తుందా రాదా అన్నది చెప్పదు. నాళాలు తెరుచుకుని ఉన్నాయో లేదో చూసే హెచ్‌ఎస్‌జీ ఎక్స్‌రేను నెలసరి ఆగాక, అండం విడుదలకు ముందు చేస్తారు. అది నొప్పితో కూడిన పరీక్ష. వీర్యపరీక్షకు అంత ఖర్చు లేదు, నొప్పి లేదు, రెండు నుంచి ఏడు రోజులు ఆగి నమూనా ఇస్తే చాలు. అందుకే ముందు భర్తకు వీర్యపరీక్ష, ఆ తర్వాతే భార్యకు ఎక్స్‌రే. ఈ వరుస తప్పిన చోట కారణం అడగవచ్చు, జవాబు సరిగా రాకపోతే మరో డాక్టర్ అభిప్రాయం తీసుకోవచ్చు.